మూడోసారి చదివిన గొంతు

మొన్న ఎండాకాలంలో నూజివీడు బస్టాండు బయట ఆటో కోసం నిలబడ్డాను. పక్కనే మామిడికాయల లారీ ఆగి ఉంది. వరిగడ్డి, పచ్చి సొన, ఎక్కడో అడుగున మగ్గి చితికిన కాయ, అన్నీ కలిసిన వాసన. ఇంతలో దారిన పోతున్న కానిస్టేబుల్ భుజం మీది వైర్‌లెస్ సెట్టు గరగరమంది. ఎవరో ఎవరికో ఒక బండి నంబరు చెప్పి "ఓవర్" అన్నారు. నాకు ఏ సంబంధమూ లేని మాట. అయినా నా తల దానంతట అదే వంగిపోయింది, చెవులు వేడెక్కాయి. జుట్టు నెరిసి, రిటైరై, ఇంట్లో అందరినీ అదిలించే మనిషిని, నడిరోడ్డు మీద సిగ్గుతో కుంచించుకుపోయాను. పక్కనున్న ఆవిడ "ఎండ కొట్టినట్టుందండి, ఇట్లా నీడకి రండి" అని చెయ్యి పట్టుకుంది. ఎండ కాదని ఆవిడకి ఏమని చెప్పను? ఆ వాసనా ఆ గరగరా కలిసి వచ్చినప్పుడల్లా నాకు ఒకరోజూ ఒక మనిషీ గుర్తుకొస్తారు. రోజు గుర్తొస్తే సిగ్గేస్తుంది. మనిషి గుర్తొస్తే ఆ సిగ్గులోనే కొంచెం ఊరట ఉంటుంది. ఆయన్ని మేమంతా మూర్తిగారు అనేవాళ్ళం. ఈ రాత చదివేవాళ్ళలో ఆయన్ని ఎరిగినవాళ్ళు ఎవరూ ఉండరు. ఆయన పేపర్లలో పడే మనిషి కాదు.

ఎనభైలలో తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్తరోజులవి. ఒక సంతకం కోసం, ఒక సర్టిఫికెట్ కోసం జనం కూలి పోగొట్టుకుని, బస్సుకి పెట్టుకుని, నూజివీడు వచ్చి ఆఫీసు వరండాలో రోజంతా కూర్చునేవాళ్ళు. సాయంత్రానికి "రేపు రా" అనిపించుకుని వెళ్ళేవాళ్ళు. జనం ఆఫీసుకి రావడం కాదు, ఆఫీసే జనం దగ్గరికి వెళ్ళాలని పైన ఎవరికో బుద్ధి పుట్టింది. అది ఎలా జరగాలో ప్లాన్ వేసే పని మూర్తిగారి నెత్తిన పడింది. ఒక పాత వ్యాను ఇచ్చారు. అందులో బల్ల, స్టాంపులు, అధికారి, అన్నీ పడతాయి. రికార్డులు మాత్రం పట్టవు. గదుల నిండా ఉన్న వాటిని ఊరూరా తిప్పలేం. అందుకని ఆయన ఒక ఉపాయం చేశారు. రికార్డులు నూజివీడులోనే ఉంటాయి, వ్యానులో ఒక వైర్‌లెస్ సెట్టు ఉంటుంది. ఊళ్ళో మనిషి వచ్చి అడిగితే ఇక్కడినుంచి పేరు చెబుతాం, అక్కడ గుమాస్తా సుబ్బారావుగారు రికార్డు తీసి చదువుతారు, ఇక్కడ అధికారిగా మూర్తిగారు సంతకం పెడతారు. ఇవాళ అందరి చేతుల్లోనూ ఫోన్లు ఉన్నాయి కాబట్టి ఇదేం గొప్ప అనిపిస్తుంది. ఆనాడు మాత్రం చూసినవాళ్ళు నోరెళ్ళబెట్టారు. ఊళ్ళల్లో దానికి మాట్లాడే బండి అని పేరు పెట్టారు. ఆ సెట్టు నడపడానికి అప్రెంటిస్‌గా చేరిన పిల్లని నేను. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా అప్పుడే చేతికొచ్చింది. ఆ డిప్లొమా తప్ప నాకు లోకం ఏమీ తెలియదు.

మూర్తిగారిది అర్చకుల ఇల్లు. తండ్రి గుళ్ళో అర్చకత్వం చేస్తూ ఉండగా ఈయన లెక్కలు చదివి ఆఫీసులో పడ్డారు. ఉద్యోగం మారింది గాని గొంతు మారలేదు. మైకు అక్కర్లేని గొంతు. సెట్టుకి బయట పెద్ద స్పీకరు పెట్టాలనీ, అక్కడినుంచి చదివింది వరసలో ఉన్న అందరికీ వినిపించాలనీ, గుమాస్తా ప్రతి మాటా రెండుసార్లు చదవాలనీ, ఇక్కడ నేను మళ్ళీ పైకి చదివి సరిచూడాలనీ నియమం పెట్టింది ఆయనే. అంత గట్టిగా ఎందుకండీ అని ఒకసారి అడిగాను.

"గుళ్ళో నీ పేరూ గోత్రమూ లోలోపల గొణిగితే నీకు బాగుంటుందా, పైకి చదివితే బాగుంటుందా?" అన్నారు.

"పైకి చదివితేనే అండీ."

"ఇదీ అంతే. మన దగ్గరికి వచ్చేవాళ్ళ పేరు ఏ ఆఫీసులోనూ ఎవడూ మర్యాదగా పలికి ఉండడు. మనం గౌరవంగా పలుకుదాం. ఇంకో సంగతి. గుసగుసలున్న చోటే చెయ్యి తడపాల్సి వస్తుంది. అందరికీ వినపడితే వాడి ఫైలు ఇందాక దొరికింది, వీడిది ఇప్పుడు దొరకలేదు అనటానికి ఉండదు."

నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. ఇప్పటికీ ఆ వాదంలో తప్పెక్కడుందో వెంటనే పట్టుకోలేను. మంచి మనిషి మంచి ఉద్దేశంతో వేసిన ప్లాన్ అది.

ఆ వేసవి అంతా ఆయన వెంట తిరగడమే నా చదువు. ఉంగుటూరు వైపు వరి పొలాల్లో సెట్టు గంటలా మోగేది. రెడ్డిగూడెం వైపు తోటల్లోకి దిగితే మాత్రం మూగబోయేది. మామిడి చెట్ల గుబురూ, మధ్యన గుట్టలూ. ఏరియల్ ఎంత ఎత్తున పెట్టాలో లెక్కలు వేసి, ఇనప స్తంభం కావాలని పైకి రాస్తే నెలలు గడిచినా జవాబు లేదు. ఒకరోజు తోటలో కాయలు కోస్తున్నవాళ్ళ దగ్గర ఆగి, చిక్కం కట్టిన పొడుగాటి గెడని కింది నుంచి పైదాకా చూసి "ఇదిగో మన స్తంభం" అన్నారు. చిక్కం విప్పేసి, రెండు గెడలు కలిపి కట్టి, కొసన ఏరియల్ బిగించి నిలబెట్టాం. సుబ్బారావుగారి గొంతు పక్కన కూర్చున్నట్టు పలికింది. ఆ ఆనందంలో తోటవాళ్ళు కోసిచ్చిన కాయ కొరికి మొహం చిట్లించారు. అది తోతాపురి, మా వైపు దాన్ని కలెక్టరు కాయ అంటారు. "పేరుకి తగ్గట్టే ఉందమ్మాయ్, ఎంత ముగ్గినా పులుపు చావలేదు" అన్నారు. నేను నవ్వలేక చచ్చాను. పైవాళ్ళని అలా అనగలిగిన ఆఫీసరుని నేను అంతకుముందు చూడలేదు.

ఇక మా ఇంటి సంగతి చెప్పాలి. మాది రెడ్డిగూడెం దగ్గర తోటల మధ్య చిన్న ఊరు. మా అమ్మ తిరపతమ్మ కాయల షెడ్డులో పని చేసేది. కాయలు ఏరి, సైజు చూసి, గడ్డి వేసి పెట్టెల్లో పేర్చే పని. చేతుల నిండా సొన కాలిన మచ్చలు. మా నాన్న గోపయ్య ఏటా కాయల లోడ్లతో నాగపూర్ వెళ్ళి, కాయ అయిపోయాక తిరిగొచ్చేవాడు. నేను హైస్కూల్లో ఉండగా వెళ్ళినవాడు ఇక తిరిగి రాలేదు. అక్కడ ఇంకో కాపురం పెట్టాడు. ఈ సంగతి మా ఊళ్ళో తెలియని ఇల్లు లేదు. కాని ఒక్కరంటే ఒక్కరు ఆ మాట అమ్మ ముందు అనలేదు. ఏటా కాయ అయిపోవచ్చే రోజుల్లో షెడ్డులో ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. "ఏమే తిరపతమ్మా, మీ ఆయన రాలేదా ఇంకా?" అమ్మ తలెత్తకుండా చెప్పేది. "ఈ ఏడు కాయ ఆలస్యం గదా వదినా." "అవున్లే, ఆలస్యమే" అని ఆవిడ ఒప్పుకునేది. పూత ముందుగా వచ్చి చెట్లన్నీ ఖాళీ అయిన ఏడు కూడా కాయ ఆలస్యమే. అది ఎగతాళి కాదు. నీ భర్త నీకున్నాడు, నీ పరువు నీకుంది, మేం చూసుకుంటాం అని ఊరు ఊరంతా అమ్మకి ఇచ్చే భరోసా అది. నేను కూడా మూర్తిగారితో "నాన్న నాగపూర్‌లో కాయల వ్యాపారం చూస్తారండీ" అనే చెప్పాను. మా ఇంట్లో అందరం చెప్పే మాటే అది.

ఆ ఏడు చెల్లెలు రమణ పదో తరగతి మంచి మార్కులతో పాసయింది. విజయవాడలో ఇంటర్ చదవాలంటే హాస్టల్ సీటు కావాలి. సీటుకి ఆదాయం సర్టిఫికెట్ కావాలి. అది అందితే చదువు, లేకపోతే షెడ్డులో అమ్మ పక్కన పీట. నేను ఆఫీసులోనే ఇప్పించగలిగేదాన్నేమో. కాని సిబ్బంది ఇళ్ళవాళ్ళు కూడా వరసలోనే రావాలన్నది మూర్తిగారి నియమం. అదీ కాక అమ్మకే సరదా. "నువ్వు మాట్లాడించే బండి దగ్గరికొచ్చి నేనే తీసుకుంటా" అంది. బండి మా ఊరు వచ్చిన రోజు అమ్మ పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. వరసలో నిలబడి, నన్ను ఎరగనట్టే మొహం పెట్టింది. పక్కనున్న సరోజిని పిన్ని మోచేత్తో పొడిచి "మీ అమ్మాయేనే" అంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. సరోజిని పిన్ని మా ఇంటి పక్కావిడ, అమ్మ పక్కనే కూర్చుని కాయలు పేర్చే మనిషి. మూర్తిగారు మా అమ్మని అంతకుముందు చూడలేదు.

నేను పేరు చెప్పాను. నా గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. అవతల కాగితాల చప్పుడు. తరవాత సుబ్బారావుగారు నేర్పినట్టే నిదానంగా, మాట మాటా విడదీసి చదివారు.

"తిరపతమ్మ, భర్త గోపయ్య. భర్త నాగపూర్‌లో వేరొక స్త్రీతో కాపురం ఉంటున్నాడు. ఇంటికి డబ్బు పంపడం లేదు. కుటుంబానికి కూలీయే ఆధారం. అర్హురాలు. ఓవర్."

పాపం ఆ విచారణ రాసిన ఊరి ఉద్యోగి అమ్మ మేలుకోరే రాశాడు. అలా రాస్తేనే సీటు వస్తుంది. ఏ మాట వల్ల చెల్లెలికి హాస్టల్ దొరుకుతుందో ఆ మాటే అమ్మని నిలువునా కోసింది. నియమం ప్రకారం సుబ్బారావుగారు రెండోసారి చదివారు. స్పీకరు షెడ్డు దాకా వినిపించేది. నేను మళ్ళీ పైకి చదవాలి. బటన్ నొక్కాను, గొంతు రాలేదు. "నూజివీడు పిలుస్తోంది, సరిచూసి చెప్పండి, ఓవర్" అని సెట్టు అడుగుతూనే ఉంది. మూర్తిగారు సిగ్నల్ పోతోందనుకున్నారు. మైకు నా చేతిలోంచి తీసుకుని, ఆ గుడి గొంతుతో, ఒక్క అక్షరం మింగకుండా ఆ మాటలన్నీ మూడోసారి చదివారు. చదివి, అమ్మ వైపు తిరిగి ఎంతో మర్యాదగా "మీకు అర్హత ఉందమ్మా, ఇట్లా వచ్చి సంతకం పెట్టండి" అన్నారు.

అమ్మ రాలేదు. వరసలోంచి పక్కకి తప్పుకుంది. మంచి చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని షెడ్డు వైపు కాక, ఇంటి వైపు నడిచి వెళ్ళిపోయింది. పరిగెత్తలేదు. అదే నాకు బాధ. ఏడుస్తూ పరిగెత్తి ఉంటే ఎవరైనా వెనకాల వెళ్ళేవాళ్ళు. మూర్తిగారికి అర్థం కాక నన్ను చూశారు. సరోజిని పిన్నే చెప్పింది. "ఆ అమ్మాయి వాళ్ళమ్మేనండి." ఆయన మొహంలో రక్తం ఇంకిపోయింది. సెట్టు కట్టేశారు. "ఈ పూటకి బండి ఆగిందండీ, క్షమించండి" అని జనానికి చెప్పి వ్యాను మెట్టు మీద కూర్చుండిపోయారు. నేను లోపల ఉన్నాను. నా చేత్తో బిగించిన ఏరియల్, నా చేత్తో శ్రుతి చేసిన సెట్టు. అంత స్పష్టంగా వినపడాలని రోజుల తరబడి తంటాలు పడింది నేనే. భూమి చీలి లోపలికి పోతే బాగుండుననుకోవడం అంటే ఏంటో ఆ రోజు తెలిసింది.

నూజివీడు ఆఫీసు గేటు దగ్గర దిగాక ఆయన అన్నారు. "సెట్టు ఎంత దూరం అందుతుందో చూశాను. చెట్లు అడ్డం వస్తాయేమోనని చూశాను. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో చూశాను. చదివేది ఎవరి చెవిన పడుతుందో మాత్రం చూడలేదమ్మా."

"మీకు తెలియదు గదండీ" అన్నాను.

"తెలుసుకోవటమే గదా ప్లానంటే" అన్నారు. నా మొహం చూడలేకపోయారు.

అమ్మ ఆ ఊసే ఎత్తలేదు. వండింది, షెడ్డుకి వెళ్ళింది. సర్టిఫికెట్‌కి ఆమె అధికారి ముందు సంతకం పెట్టాలి, ఇంకెవరూ పెట్టకూడదు. హాస్టల్ గడువు దగ్గరపడుతోంది. "ఆ బండి దగ్గరికి నేను రాను, నన్ను అడగబాకండి" అని ఒక్కసారే చెప్పింది. రమణ పుస్తకాలు సర్దుకోవడం మానేసింది. చెల్లెలి మొహం చూస్తే ఒక రకం సిగ్గు, అమ్మ మొహం చూస్తే ఇంకో రకం.

తరవాతి వారం బండి మళ్ళీ మా ఊరు వెళ్ళింది. మూర్తిగారు ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. జనం చేరాక మైకు తీసుకుని "ఈ సెట్టు మొదట మీ పేర్లు చదివింది. ముందు నా పేరు చదివించాల్సింది. అది నేను చెయ్యలేదు. సుబ్బారావుగారూ, నా సర్వీసు ఫైలు తీసి చదవండి. ఓవర్" అన్నారు. "వద్దులెండి సార్, ఓవర్" అని వినిపించింది. ఈయన ఊరుకోలేదు. సుబ్బారావుగారు చదివారు. ఎప్పుడు చేరారో, ఎక్కడ పనిచేశారో చదివి, ఆగి, మళ్ళీ చదివారు. "భార్య విశాఖపట్నం మానసిక ఆసుపత్రిలో ఉన్నందున తరచు సెలవులు కోరియున్నారు. ఓవర్." రెండుసార్లు చదివారు. మూడోసారి మూర్తిగారే చదువుకున్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయనకి భార్య ఉందనే మాకు తెలియదు. జనం కూడా కిందికే చూస్తున్నారు. ఎవరికీ ఊరట కలగలేదు. మంచి మనిషి నలుగురిలో బట్టలిప్పుకుని నిలబడితే చూడాల్సి వచ్చినవాళ్ళ పరిస్థితి అది.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర అమ్మ మొదటిసారి నోరు విప్పింది. షెడ్డులోకి అంతా వినిపించిందట.

"ఆ పెద్దమనిషి ఎందుకట్టా చదివించుకున్నాడు? నేనేమన్నా అడిగానా?"

"నీకు జరిగింది తనకీ జరగాలని అనుకున్నారమ్మా."

"ఆవిడెవరో ఆసుపత్రిలో పడుంది. తెలివిడితో ఉందో లేదో. ఆవిణ్ణి అడిగాడా, నీ సంగతి ఊరికి చెప్పనా అని?" కట్టె ఎగదోసింది. తరవాత ఇంకోలా అంది. "ఆయన సిగ్గు నాకెందుకే. షెడ్డులో ఇప్పుడు నన్నెవరూ అడగట్లేదు, మీ ఆయన రాలేదా అని. కాయ అయిపోవస్తంది. ఒక్కళ్ళూ అడగట్లేదు."

అమ్మ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. పొగ వల్లనే అన్నట్టు కళ్ళు తుడుచుకుంది. ఆమె పోగొట్టుకున్నది ఏంటో నాకు అప్పుడు తెలిసింది. నాన్నని ఎప్పుడో పోగొట్టుకుంది, అది పాత సంగతి. ఇప్పుడు పోయింది ఆ ప్రశ్న. సర్కారు వారి సెట్టు మూడుసార్లు చదివాక ఇక ఏ నోటితో అడుగుతారు?

మర్నాడు మూర్తిగారికి అంతా చెప్పాను. అమ్మ ఆయన్ని అన్న మాట కూడా దాచలేదు. కొడతారేమో అన్నంత భయంగానే చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మీ అమ్మగారు చెప్పింది నిజం. అది నా విషయం అనుకున్నాను, నా ఫైల్లో ఉంది గదా అని. అది మా ఆవిడ రాజ్యలక్ష్మిది. నా పేరు మీద ఉన్న కాగితంలో ఆవిడ ఉంది. మీ అమ్మగారి పేరు మీద ఉన్న కాగితంలో మీ నాన్న, నువ్వు, చెల్లెలు, అందరూ ఉన్నారు. ఒక్క పేరే ఉంటుంది పైన." కళ్ళజోడు లేని మొహం చాలా ముసలిగా కనిపించింది. "తప్పు దిద్దుకుందామని వెళ్ళి అదే తప్పు ఇంకోళ్ళకి చేశాను. సిగ్గేస్తోందమ్మా."

నాతో, ఒక అప్రెంటిస్ పిల్లతో, ఆ మాట ఆయన అలా పైకి అనేశారు. అప్పటిదాకా సిగ్గు దాచుకునేది అనుకునేదాన్ని. ఆయన రెండు రోజులు సెలవు పెట్టి విశాఖపట్నం వెళ్ళొచ్చారు. ఏమైందండీ అని అడిగే చనువు నాకు లేదు. ఆయనే చెప్పారు. "అంతా చెప్పాను. విన్నది. 'రెండుసార్లు చదివించారా' అని అడిగింది. మూడు అన్నాను. నవ్వింది." అని ఆయన కూడా నవ్వబోయి, మానేసి, స్క్రూడ్రైవర్ పట్టుకురమ్మన్నారు.

స్పీకరు ఊడదీశాం. దాని బదులు ఒక చెవికి పెట్టుకునే ఇయర్‌ఫోన్ తగిలించాం. వ్యాను వెనక తలుపు దగ్గర తెర కట్టి, ఒకరి తరవాత ఒకరు లోపలికి వచ్చేలా చేశాం. ఇంటి సంగతులు అక్కడ సుబ్బారావుగారే చూసుకుని, అర్హత ఉందో లేదో మాత్రమే చెప్పాలి. అంతకుమించి అవసరమైతేనే, అదీ నా చెవిలోకే. మరి గుసగుసలు, లంచాలు? ఆ దిగులు ఆయనకి పోలేదు. అందుకని అర్హత లేదన్నప్పుడు ఎందుకు లేదో ఆ మనిషికి తెర లోపల విప్పి చెప్పకుండా పంపకూడదని ఇంకో నియమం పెట్టారు. పైవాళ్ళకి ఇది నచ్చలేదు. జనానికి మాట్లాడే బండి అంటే మోజు, స్పీకరు తీసేస్తే చూడటానికి ఏముందన్నారు. ఈ పథకం ఇంకా చాలా చోట్లకి వెళ్ళాల్సింది, ఆయనకి దానితో పేరు రావాల్సింది. స్పీకరు ఎందుకు తీయాల్సి వచ్చిందో ఆయన దాచకుండా రాశారు. పథకం మా చుట్టుపక్కల దాటలేదు.

ఇక గడువుకి ముందు బండి మా ఊరు వెళ్ళిన ఆఖరు రోజు. అమ్మ వస్తుందన్న ఆశ నాకు లేదు. పొద్దున బయల్దేరేటప్పుడు రమణ ఒక్క మాటే అంది, "అమ్మని అడగొద్దక్కా, నేను షెడ్డుకెళ్తాలే" అని. ఆ మాట అమ్మ విన్నదేమో నాకు తెలియదు. మధ్యాహ్నం వరస పలచబడ్డాక, పనిచీరతోనే, చేతులకి ఆరిన సొన మరకలతో వచ్చింది. తెర లోపలికి వచ్చి బల్లకి ఎదురుగా కూర్చుంది. నేను పేరు చెప్పాను. సుబ్బారావుగారి గొంతు నా కుడి చెవిలో "అర్హురాలు" అంది, ఒక్కసారే. అమ్మ కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. ఏం వింటున్నానో నా మొహంలో వెతుక్కుంటోంది. ప్రతి మనిషితోనూ అనే మాటే నా నోటంట వచ్చింది. "సరిపోయిందండీ. ఇక్కడ సంతకం పెట్టండి." అమ్మ పెన్ను పట్టుకుంది. మూర్తిగారు సంతకం చేసి, స్టాంపు వేసి, ఆరేదాకా ఆగి, కాగితం రెండు చేతులతోనూ ఇచ్చారు. తెర తీశారు. బయట సరోజిని పిన్నీ, ఇంకా షెడ్డు ఆడవాళ్ళూ ఉన్నారు. అప్పుడు ఆయన, ఆ గొంతుతోనే, అందరికీ వినపడేట్టు అడిగారు.

"ఏమ్మా తిరపతమ్మగారూ, మీ ఆయన రాలేదా ఇంకా నాగపూర్ నుంచి?"

ఆడవాళ్ళు బిగుసుకుపోయారు. అమ్మ ఆయన్ని చాలాసేపు చూసింది. తరవాత కొంగు భుజం మీదికి సర్దుకుంది.

"ఈ ఏడు కాయ ఆలస్యం గదండీ" అంది.

"అవునమ్మా, ఆలస్యమే" అన్నారు మూర్తిగారు. "రెడ్డిగూడెం వైపు చెట్ల మీదే ఉంది ఇంకా." చెట్ల మీద ఒక్క కాయ లేదు. సరోజిని పిన్ని అందుకుంది. "అదేనండి, పూత కూడా ఆలస్యంగానే గదా వచ్చింది" అంది. ఇంకొకావిడ వాన గురించి ఏదో అంది. మాట కలిసింది. నూజివీడు రికార్డులో ఏముందో మూడుసార్లు విన్న ఊరు, ఆ రికార్డుకి కాపలాదారైన ఆఫీసరుతో కలిసి, మళ్ళీ అమ్మ పక్కన నిలబడింది. నేను తెర వెనక ఇయర్‌ఫోన్ పెట్టుకుని కూర్చుని, దాంట్లో ఏమీ వినిపించకపోయినా ఏదో వింటున్నట్టు తల వంచుకున్నాను. ఆ రాత్రి అన్నం పెడుతూ అమ్మ అంది, "నన్ను అండీ అన్నావేంటే నువ్వు" అని. దెప్పిందో మురిసిందో ఇప్పటికీ తేల్చుకోలేను.

మూర్తిగారు పెద్ద పదవులేమీ చూడకుండానే రిటైరయ్యారు. రాజ్యలక్ష్మిగారిని ఇంటికి తెచ్చుకున్నారనీ, కొన్నాళ్ళు ఇద్దరూ సాయంత్రాలు కలిసి నడిచేవాళ్ళనీ విన్నాను. రమణ ఇవాళ కాలేజీలో పాఠాలు చెబుతోంది. నేను అదే దారిలో పోయి, ప్రభుత్వ సేవలు ఫోన్లలోకి తెచ్చే ప్లాన్లు వేసే చోట ఉద్యోగం చేశాను. రిటైరయ్యాక కూడా పిలుస్తుంటారు. ఈ మధ్య ఒక కుర్రవాడు ఎంతో ఉత్సాహంగా చూపించాడు. చదువు రానివాళ్ళ కోసం ఫోనే వాళ్ళ కాగితాన్ని పైకి చదువుతుందట. "గొంతు చాలా స్పష్టంగా ఉంది కదండీ" అన్నాడు. ఉంది. నా చెవులు వేడెక్కాయి. ఎవరి మధ్య నిలబడి ఉన్నప్పుడు చదువుతుంది బాబూ అని అడిగాను. ముందు నీ ఇంటి కాగితం పెట్టి, మీ ఇంట్లోవాళ్ళని అడిగి, మాకందరికీ వినిపించు అన్నాను. నవ్వాడు. తరవాత నవ్వు ఆపేశాడు. ఆ పథకాలన్నిట్లోనూ నేను కొత్తగా చేసింది ఏమీ లేదు. ఎక్కడికక్కడ ఒక తెర కట్టించాను, అంతే. ఆ తెర కూడా ఆయనదే.

ఆ రోజు బస్టాండులో చివరికి ఆటో దొరికింది. ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. అమ్మ పోయి చాలా కాలమైంది, నాన్న ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు. సరోజిని పిన్ని మంచం మీద కూర్చుని ఉంది. చూపు ఆనదు, గొంతుని బట్టి గుర్తుపట్టింది. నా చేతులు తడిమి, పక్కన కూర్చోబెట్టుకుని, కాసేపు ఊపిరి తీసుకుని అడిగింది.

"మీ నాన్న రాలేదామ్మా, ఇంకా?"

"కాయ ఆలస్యం పిన్నీ, ఈ ఏడు" అన్నాను.